విద్యార్థుల సంగీత పత్రిక

విద్యార్థుల సంగీత పత్రిక అనగా పాఠశాల లేదా కళాశాల విద్యార్థులు విషయసేకరణ, రచన, సంపాదకత్వం, కూర్పు తామే నిర్వహించి వెలువరించే సంగీత సంబంధమైన పత్రిక. ఇది లిఖిత పత్రికగా గాని, గోడపత్రికగా గాని, అచ్చుపత్రికగా గాని ఉండవచ్చును. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఇటువంటి పత్రిక ప్రణాళిక, తయారీ విధానం ఈ వ్యాసంలో వివరించబడ్డాయి. ఈ ప్రాంతపు జానపద గీతాలు ఎక్కువగా నోటి నుండి నోటికే సాగుతున్నవి. పాడేవారు తరలిపోతే పాట కూడా మరుగున పడుతుంది. కనుక విన్నదానిని విన్నట్లుగా నమోదు చేయడమే ఇక్కడి పత్రికకు ప్రథమ కర్తవ్యం.

నేపథ్యం

తెలుగు లిపికి సంగీత ముద్రణలో విశిష్ట స్థానం ఉన్నది. సుబ్బరామ దీక్షితులు రచించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో తమిళదేశంలోని ఎట్టయాపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. మద్రాసు సంగీత అకాడమీ 1930 నుండి తన పత్రికను ప్రచురించసాగింది. కాకినాడ నుండి వెలువడిన గానకళ తెలుగులో సంగీతానికే ప్రత్యేకించిన పత్రిక. ఇవన్నీ ప్రధానంగా శాస్త్రీయ సంగీతానికి చెందినవి. విద్యార్థుల పత్రిక వాటితో పోటీపడనవసరం లేదు. తమ వీధిలో, తమ ఊరి జాతరలో వినిపించే పాట దానికి సహజమైన విషయం.

ప్రాంతీయ సంగీత వనరులు

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఇక్కడ తెలుగుతో పాటు కన్నడ, ఉర్దూ భాషలు కూడా వాడుకలో ఉన్నాయి. పత్రికకు ఉపకరించే విషయాలలో ముఖ్యమైనవి:

* దాస సాహిత్యం: కన్నడ హరిదాసులలో ప్రముఖుడైన విజయదాసు 1755లో చిప్పగిరిలో పరమపదించాడు. మంత్రాలయంలో 1671లో బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి వీణావాదకుడని సంప్రదాయం.
* పీర్ల పండుగ పాటలు: గ్రామాలలో హిందువులు, ముస్లిములు కలిసి పాల్గొంటారు. చాంద్రమాన గణన వలన ఈ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది.
* గొరవయ్యల నృత్యం: ఎలుగుబంటి తోలు టోపీ ధరించి, డమరుకం, పిల్లనగ్రోవి వాయిస్తూ ఆడే కళ.
* భజన, కోలాటం, చెక్కభజన: కౌతాళం మండలంలోని ఉరుకుంద ఈరన్నస్వామి క్షేత్రంలో శ్రావణమాస ఉత్సవాలు జరుగుతాయి. ఆ సమయంలో భజన బృందాలను కలుసుకోవచ్చును.
* శ్రామిక గీతాలు: ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. మగ్గం వద్ద, పత్తి చేలలో పాడిన పాటలేమైనా గుర్తున్నాయా అని పెద్దలను అడగవచ్చును.

కాలప్రణాళిక

ఈ ప్రాంతంలో పత్రిక కాలక్రమాన్ని నిర్ణయించేది వలస. ఖరీఫ్ పనులు ముగిసిన పిదప కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుండి అనేక కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపునకు, కూలి పనులకు బెంగుళూరు, హైదరాబాదులకు పిల్లలతో సహా తరలిపోతాయి. దీనిని స్థానికంగా "సుగ్గికి పోవడం" అంటారు. జనవరి సంచిక కోసం డిసెంబరులో పాటలు సేకరించబోతే పాడేవారు ఊరిలో ఉండరు, సేకరించవలసిన విద్యార్థులు కూడా కొందరు తరగతిలో ఉండరు.

అందువలన జూన్‌లో సంపాదకవర్గ నియామకం, జులై నుండి సెప్టెంబరు వరకు సేకరణ, దసరా సెలవులలో రచన, దిద్దుబాటు, దీపావళిలోగా ముద్రణ అనే క్రమం అనుకూలమైనది. ఊరు విడిచే విద్యార్థి తన పేరు అచ్చయిన ప్రతిని వెంట తీసుకొనిపోగలగాలి.

సేకరణ

ఇద్దరు విద్యార్థులు ఒక జట్టుగా వెళ్ళడం మంచిది. ఒకరు సెల్‌ఫోనులో ధ్వనిముద్రణ చేయగా, రెండవవారు వివరాలు వ్రాసుకొంటారు. ప్రతి పాటకు గాయకుల పేరు, ఊరు, ఎవరి వద్ద నేర్చినది, ఏ సందర్భంలో పాడుతారు, వాద్యమేమిటి, తేదీ నమోదు చేయాలి. పేరు అచ్చువేయడానికి సమ్మతి అడగాలి. పూజకు మాత్రమే పరిమితమని గాయకులు చెప్పిన పాటను ప్రచురించరాదు.

పాఠాన్ని "సరిదిద్దే" ప్రయత్నం చేయరాదు. గాయకురాలు కన్నడంలో "హాలు" అని పాడితే దానిని తెలుగు "పాలు"గా మార్చకూడదు. అర్థాన్ని అడుగున వ్రాయవచ్చును. ఒకే పాట రెండు ఊళ్ళలో రెండు విధాలుగా దొరికితే రెండింటినీ ఇవ్వాలి.

హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో కర్రల పోరు వలన ఏటా పలువురు గాయపడుతుంటారు. సేకరణకై విద్యార్థులను అక్కడికి పంపక, గొరవయ్యలను వేరొక రోజున వారి ఊరిలోనే కలుసుకొనడం క్షేమం.

పుటల కేటాయింపు, కూర్పు

నడుమ పిన్నుకొట్టే పత్రికలో పుటల సంఖ్య 4చే భాగించబడాలి. అట్టను మినహాయించి 32 పుటల సంచికకు ఒక నమూనా:

* సంపాదకీయం, విషయసూచిక: 2
* సేకరించిన పాటలు: 12
* కళాకారులతో ముఖాముఖి: 6
* వాద్య పరిచయం: 4
* స్వరలిపి పాఠం: 4
* చరిత్ర వ్యాసం: 4

స్వరలిపిలో మంద్రస్థాయికి స్వరం క్రింద, తారస్థాయికి పైన చుక్క పెడతారు. కామా ఒక అక్షరకాలాన్ని, సెమికోలన్ రెండు అక్షరకాలాలను సూచిస్తాయి. డీటీపీలో ఫాంటు మారినప్పుడు ఈ చుక్కలు చెదరిపోయే అవకాశం ఉన్నది. ఒక్క చుక్క పోతే స్థాయియే మారిపోతుంది గనుక ప్రూఫును పాడుతూ సరిచూడాలి. వీలుకాకపోతే స్వరలిపిని చేతితో వ్రాసి స్కాన్ చేయడం ఉత్తమం.

హక్కులు

భారత కాపీహక్కు చట్టం, 1957 ప్రకారం రచయిత జీవితకాలంలో ప్రచురితమైన రచనపై హక్కు ఆయన జీవితకాలంతో పాటు, మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 సంవత్సరాలు ఉంటుంది. కావున విజయదాసు కీర్తనల మూలాన్ని ప్రచురించవచ్చును. ఇటీవలి సినిమా పాటను అనుమతి లేకుండా పూర్తిగా అచ్చువేయరాదు. సమీక్షలో అవసరమైన మేరకు ఉటంకించవచ్చును. కర్త తెలియని జానపద గీతం విషయంలో కూడా పాడినవారి పేరు, ఊరు తెలుపడం ధర్మం.

పంపిణీ, భద్రత

ముద్రణ వ్యయాన్ని ప్రతుల సంఖ్యతో భాగించి వెల నిర్ణయించడానికి ముందు, ఉచితంగా ఇవ్వవలసిన ప్రతులను లెక్కించాలి. పాట ఇచ్చిన ప్రతి గాయకునికి ఒక ప్రతి అందజేయాలి. చదువురానివారికి వారి పాటను, వివరాలను చదివి వినిపించాలి. అప్పుడు బయటపడిన తప్పులను తరువాతి సంచికలో సవరించాలి. రెండు ప్రతులను పాఠశాల గ్రంథాలయంలోను, ఒకటి పట్టణంలోని శాఖా గ్రంథాలయంలోను భద్రపరచాలి. ధ్వనిముద్రణలకు ఊరు, తేదీ, గాయకుల పేర్లతో శీర్షికలు పెట్టి రెండు వేర్వేరు చోట్ల నిల్వచేయాలి. ఫోను మారినా, విద్యార్థి బడి మారినా అవి తరువాతి తరగతివారికి అందుబాటులో ఉంటాయి.