పసుపు ధరకు కారణ మొక్కటియేనా?

ఆర్మూరు రైతు ఎనిమిది తొమ్మిది మాసములు పెంచి, ఉడికించి, ఎండబెట్టి తెచ్చిన పసుపునకు ధర తగ్గినపుడు తరచుగా వినబడు కారణ మొక్కటే: తేమ. కాని కర్క్యుమిను పాలు, కాడియా గోలయా యను భేదము, మెరుగు, ఆనాటి రాబడి, సాంగ్లీ ధర, ఇవన్నియు ధరను కదల్చునవియే. సరకు వెల్లువగా వచ్చిన దినముననే తడి సరకును వచ్చినచో, ధర తగ్గినది దేనిచేత? ఒక్కదానినే చూచిన లెక్క తప్పును.

అనేక కొలతలను కలిపి నిర్ణయము చేయు గణితమునకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1948లోనే బాట వేసిరి. 2025లో నిజామాబాదున వెలసిన జాతీయ పసుపు మండలి ప్రతి అమ్మకపు కొలతలను ధరతో జతపరచి, ఆ లెక్కను తెలుగున ప్రకటింపవలెను. తేమవలన తగ్గిన దెంతయో, తేమపేరిట తగ్గించిన దెంతయో రైతునకు అపుడే తెలియును.