గోడలో దాగిన బొగ్గు

పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్కేంద్రమున బొగ్గు మండగా సన్నని బూడిద మిగులును. దీనికిని మన ఇంటిగోడకును సంబంధమేమి?

భవనమునకు ఇంధనము రెండు విధముల ఖర్చగును. ఎండవేడి గోడలు, కిటికీలగుండ లోనికి రాగా, చల్లబరచుటకు విద్యుత్తు కావలెను. ఉష్ణప్రాంతపు నివాసభవనములలో ఈ వేడి చదరపు మీటరునకు సగటున 15 వాట్లు మించరాదని 2018 నాటి ‘ఎకో నివాస్ సంహిత’ నిర్ణయించినది.

రెండవ ఖర్చు గృహప్రవేశమునకు ముందటిది. సిమెంటుకై కాల్చు శుద్ధమైన సున్నపురాయి 100 గ్రాములనుండి 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును; కొలిమి పొగ అదనము. పోజొలానా సిమెంటులో 15 నుండి 35 శాతము బూడిద కలుపుదురు. ఆ మేరకు రాయిని కాల్చు పని తగ్గును.

మొదటి ఖర్చును కరెంటు బిల్లు చూపును. రెండవది గోడలోనే దాగియుండును. చల్లని ఇల్లు కోరువారు రెండింటిని లెక్కింపవలెను.