నల్లగొండ పేరు ఆఫ్రికా దాకా ఎలా పోయింది? మీకు తెలుసా?

పాలమూరు, నల్లగొండ అనగానే చెల్క నేలలు, ఎండిన బోర్లు, బొంబాయి బస్సు గుర్తొస్తున్నాయా? ఇవాళ నా మూటలోంచి వేరే ముచ్చట్లు తీస్తాను. పదిమంది చేయి కలిపితే ఈ రెండు ఉమ్మడి జిల్లాల మాట ఎంత దూరం వినపడిందో మీరే చూడండి!

● టాంజానియా, ఇథియోపియా దేశాల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ తీయడానికి వాడిన ఒక పద్ధతి పేరేమిటో తెలుసా? ‘నల్లగొండ టెక్నిక్’! నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ 1970లలో దీన్ని రూపొందించింది. బకెట్ నీళ్లలో పటిక, ఆ పటికలో దాదాపు ఇరవయ్యో వంతు సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి నెమ్మదిగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచితే దూదిపింజల్లాంటి మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకోవడమే! ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలోనూ దీని పేరు నల్లగొండే.

● వెయ్యి లీటర్ల ట్యాంకులో ఎంత ఫ్లోరైడ్ దాకా ఫర్వాలేదో చెప్పుకోండి చూద్దాం! గ్రామున్నర. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి, ముదిరితే ఎముకలు వంగిపోతాయి. చిటికెడంత ఎక్కువైతే మనిషి నడుమే వంగిపోవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

● 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ సీటుకు ఎంతమంది పోటీ చేశారు? 480 మంది! దేశం మొత్తం మీద ఎన్నికయ్యే లోక్‌సభ ఎంపీలే 543 మంది. జిల్లా ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి పిలుపునిస్తే జనం వరస కట్టి నామినేషన్లు వేశారు. ఒక్కో పేరు సెకనులో చదివినా బ్యాలెట్ పూర్తవడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది! ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టు 500 నుంచి 10,000 రూపాయలకు ఎగబాకింది. ఏకంగా ఇరవై రెట్లు!

● అడిగింది 80 ఎకరాలు, వచ్చింది 100! 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు వినోబా భావేను భూమి అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. అలా మొదలైన భూదానంలో దేశమంతటా ప్రకటించిన నేల 40 లక్షల ఎకరాలు దాటింది. అంటే 650 చదరపు కిలోమీటర్లున్నప్పటి హైదరాబాదు నగరం లాంటివి దాదాపు పాతిక! అందులో చాలా నేల పేదల చేతికి అందనేలేదన్నది మాత్రం నిజం.

● ఇవాళ దేశమంతటా నడుస్తున్న మహిళా పొదుపు సంఘాల పథకానికి ఒక వేరు పాలమూరులో ఉంది! ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమానికి 1990లలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్నది మూడే జిల్లాలు: కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ (మన పాలమూరు). అక్కడ నేర్చుకున్నదే తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ‘వెలుగు’ పథకం అయింది, అటుపైన జాతీయ పథకానికి దారి చూపింది.

● గద్వాల వైపు విత్తనపత్తి చేలో ఒక్కో పువ్వుకూ మనిషే తుమ్మెద! సాయంత్రం మొగ్గ రేకులు, పుప్పొడి గోటితో వలిచేసి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఈ పనికి చిన్న చేతులైతే బాగుంటాయని ఆడపిల్లల్ని బడి మాన్పించి దింపారు. స్థానిక సంస్థలకు నెదర్లాండ్స్, జర్మనీ స్వచ్ఛంద సంస్థలు తోడై నివేదికలు బయటపెట్టాక, పాలమూరు చేలలో ఏం జరుగుతోందో బహుళజాతి విత్తన కంపెనీలు యూరప్‌లో జవాబు చెప్పుకోవలసి వచ్చింది!

● ‘పని చేయడానికి బడే తగిన చోటు’ అని 2003లో యూరప్ సంస్థల కూటమి ఒక ప్రచారం మొదలుపెట్టింది. ఆ ఆలోచన ఎవరిదో తెలుసా? పిల్లల చదువు కోసం పనిచేసే మన ఎం.వి. ఫౌండేషన్‌ది! బడిలో లేని పిల్లలంతా బాలకార్మికులే అన్నది వాళ్ల లెక్క.

● మన పక్కనే, జహీరాబాద్ దగ్గరి అల్గోల్‌లో 2001లో ఎక్కువగా చిన్న, సన్నకారు రైతులే జ్యూరీగా కూర్చున్నారు! పేరు ‘ప్రజాతీర్పు’. జ్యూరీలో మూడింట రెండొంతులకు పైగా ఆడవాళ్లే. వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40కి తగ్గించాలన్న అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళిక ‘విజన్ 2020’ని వాళ్లు కాదన్నారు. ఆ నివేదిక మరుసటి ఏడాది లండన్ చేరి, ఆ రాష్ట్రానికి అప్పట్లో సాయం చేస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ శాఖను ఇరుకున పెట్టింది!

 

● ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నెదర్లాండ్స్ డబ్బుతో 1995 నుంచి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో 3 వేలకు పైగా బోర్లు వేశారు. తవ్వడం సరే, లోపల నీళ్లెన్నో తెలియొద్దా? తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో స్వచ్ఛంద సంస్థలు జట్టుకట్టి 638 పల్లెల్లో రైతుల చేతే కొలిపించాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ అందులో ఉన్నాయి. పక్షానికోసారి బోరులోకి తీగ దించేవారు. నీరు తగలగానే చేతిలోని పరికరం కుయ్‌మనేది, ఆ లోతు పుస్తకంలో రాసుకునేవారు. యాసంగికి ముందు అందరూ కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసేవారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఎవర్నీ కట్టడి చేయలేదు! లెక్క చూసుకుని చాలామంది తామే వరి తగ్గించుకున్నారు.

● ఎకరం చెల్కలో ఒక్క మిల్లీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లు? 4,047! పాతిక మిల్లీమీటర్లు పడితే లక్ష లీటర్ల పైనే. వానకొలత గిన్నెలో గోరంత కనిపించే ఆ నీటిని ఆ పల్లెల రైతులు రోజూ పొద్దున్నే చూసి రాసుకునేవారు. మరి మొన్నటి వానకు మీ ఊళ్లో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెప్పగలరా?