అందరి డిస్కులో ఎవరి వాటా ఎంత?

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనో, పుణె పరిశోధన కేంద్రాల్లోనో, చెన్నై ఐఐటీలోనో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. పండక్కి ఇంటికొచ్చి కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ‘కోటా అయిపోయింది, జాబ్ పోయింది’ అని తల పట్టుకుంటే, ఇంట్లో పెద్దవాళ్లకు గుండె గుభేలుమంటుంది. అక్కడ జాబ్ అంటే ఉద్యోగం కాదు, సూపర్‌కంప్యూటర్‌కు అప్పగించిన లెక్క. కోటా అంటే అందరూ పంచుకునే డిస్కులో ఆ విద్యార్థికి కేటాయించిన చోటు.

బెంగళూరు సంస్థలో 2022లో ప్రారంభమైన పరమ్ ప్రవేగ వేగం 3.3 పెటాఫ్లాప్స్, నిల్వ 4 పెటాబైట్లు. ఒక టెరాబైటు డిస్కున్న ల్యాప్‌టాప్‌లు 4 వేలు కలిపితే అంత. చాలా ఎక్కువే అనిపిస్తుంది. కానీ వాతావరణం మీదో, ప్రోటీన్ల మీదో ఒక పెద్ద ప్రయోగం నడిస్తే అదొక్కటే ఎన్నో టెరాబైట్లు రాసి పడేస్తుంది. డిస్కు నిండితే నింపినవాడి పని ఒక్కటే కాదు, అందరి పనీ ఆగుతుంది. అందుకే ఇలాంటి కేంద్రాల నిర్వాహకులు ఎవరు ఎంత వాడుతున్నారో రోజూ రాత్రి లెక్క తీసే చిన్న స్క్రిప్టు రాసి పెట్టుకుంటారు. ఉమ్మడి గాదెలోంచి ఎవరెంత కొలుచుకున్నారో రాసుకోవడం లాంటిదే. కొలత తప్పితే గొడవ కూడా అలాంటిదే.

లినక్సులో దీనికి ‘డీయూ’ అనే ఆదేశం ఉంది. ప్రతి ఫోల్డర్‌లోకీ వెళ్లి ఒక్కో ఫైలునూ నీ సైజు ఎంత అని అడుగుతుంది. ఇంటి కంప్యూటర్‌కు చాలు. కోట్ల ఫైళ్లున్న చోట దానికి గంటలు పడుతుంది. పైగా ఫైళ్ల వివరాలు చెప్పే సర్వరు ఈ ప్రశ్నలతోనే సతమతమై, మిగతావాళ్ల పని నెమ్మదిస్తుంది. లస్టర్ లాంటి పెద్ద నిల్వ వ్యవస్థలు కోటా లెక్కింపు పెట్టుకుంటే ఒక్కో వాడుకరి ఖాతానూ ఎప్పటికప్పుడు తామే రాసుకుంటాయి. స్క్రిప్టు ఆ ఖాతాను అడిగి తేదీ, పేరు, స్థలం, ఫైళ్ల సంఖ్య ఒక వరుసలో రాసి దాస్తే చాలు. నెల తిరిగేసరికి ఎవరి వాడకం పరుగెడుతోందో కనిపిస్తుంది. మా దృష్టిలో ఈ పెరుగుదలే అసలు సమాచారం.

విద్యార్థి తన ఫైళ్ల సైజులు కూడితే వచ్చే మొత్తం, కేంద్రం పంపే మొత్తం చాలాసార్లు కలవవు. అందులో మోసమేమీ లేదు. సాధారణ లినక్సు డిస్కులో ఒక్క బైటు ఫైలు కూడా 4,096 బైట్ల గది తీసుకుంటుంది. అలాంటివి 10 లక్షలుంటే ఉన్న సమాచారం ఒక మెగాబైటు, ఆక్రమించిన చోటు 4 గిగాబైట్లు. ఇక టెరాబైటును ఒకరు వెయ్యితో, ఒకరు 1,024తో లెక్కిస్తే దాదాపు 10 శాతం తేడా వచ్చి పడుతుంది.

అసలు చిక్కు ‘ఎవరిది’ అన్నదగ్గర. ఫైలు మీద యజమాని పేరుండదు, ఒక అంకె ఉంటుంది. చదువు ముగించి వెళ్లినవాళ్ల ఖాతా తీసేసినా ఆ అంకెతో ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి. అదే అంకెను కొత్తగా చేరినవాళ్లకిస్తే, మొదటి వారంలోనే వాళ్ల నెత్తిన పాత బరువు పడుతుంది. అందుకే మంచి స్క్రిప్టు పేరు దొరకని అంకెలను విడిగా చూపిస్తుంది, అంకెలను మళ్లీ వాడదు కూడా. బృందాల లెక్కలోనూ ఇదే తంటా. సొంత ఫోల్డర్‌లోని ఫైలును ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి జరిపితే దాని బృందం గుర్తు మారదు, పాత పద్దులోనే కొనసాగుతుంది. గుర్తు విడిగా మార్చాలి.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టే పిల్లలకు ఒక మాట. లినక్సులో పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో వర్ణానికీ గుర్తుకీ 3 బైట్లు పడతాయి. ‘క్షి’ ఒక్కటే 12. పేరులో ఖాళీ ఉంటే, జాగ్రత్తగా రాయని స్క్రిప్టు దాన్ని రెండు ఫైళ్లనుకుంటుంది.

కోటా దాటారని మెయిలొస్తే కంగారులో ఫైళ్లు చెరిపేయవద్దని పిల్లలకు చెప్పండి. ఆ అంకె స్థలానిదా, ఫైళ్ల సంఖ్యదా, ఏ తేదీ నాటిదో ముందు అడగమనండి. ‘స్క్రాచ్’ అనే తాత్కాలిక చోట మాత్రం ఆలస్యం పనికిరాదు. చాలా కేంద్రాల్లో గడువు దాటిన ఫైళ్లు అక్కడ వాటంతటవే చెరిగిపోతాయి, నకలు సాధారణంగా ఉండదు.