మొక్కలున్న అక్వేరియంలో చేపల పొందిక: ఎంపికకు నీరే ఆధారం

అక్వేరియంలో కలసి జీవించగల చేపలను ఎంచుకొనే విషయంలో ఒక పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. దుకాణంలో నచ్చిన చేపలను తెచ్చి ఒకే తొట్టెలో వదలి, అవి ఒకదానినొకటి కొరకకుండా ఉంటే పొందిక కుదిరినట్లు భావిస్తారు. మొక్కలు నాటిన తొట్టెకు ఈ కొలబద్ద చాలదు. చేపకు తోటి చేపతోనే కాక మొక్కలతోను, నీటితోను, ఆ ఇంటి వేసవి వేడితోను పొత్తు కుదరాలి. చేపల మధ్య కొట్లాట ఒకటి రెండు రోజులలోనే కంటపడుతుంది. నీటితో పొసగని చేప మాత్రం నెలల తరబడి క్షీణించి చనిపోతుంది. దానిని పెంచేవారు ఏదో వ్యాధిగా భావించి మందులు వాడతారు. కావున ఎంపికను నీటితో ఆరంభించి, మొక్కల మీదుగా చేపల వద్దకు రావడం సరైన క్రమం.

నీటి స్వభావం

తెలంగాణ, రాయలసీమలలోని గ్రానైటు రాతి ప్రాంతాల బోరునీరు తరచుగా కఠినజలం. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం, కాల్షియం కార్బొనేటుగా లెక్కించినపుడు, లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనిచోట 600 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. అనగా మనిషి తాగదగిన నీరే అమెజాన్ మృదుజలాలకు చెందిన కార్డినల్ టెట్రా, డిస్కస్ వంటి చేపలకు మితిమీరిన కఠినజలం కావచ్చు. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ వంటి పిల్లలను కనే చేపలు ఇందుకు భిన్నం. వీటికి కొంత కాఠిన్యం, క్షారత ఉన్న నీరే హితవు; మెత్తని ఆమ్ల జలంలో ఇవి నీరసిస్తాయి. కనుక కార్డినల్ టెట్రా, మోలీ ఒకదాని జోలికి మరొకటి పోకపోయినా ఒకే తొట్టెకు తగిన జంట కావు.

కాఠిన్యాన్ని తగ్గించడానికి ఆర్‌.ఓ. నీటిని కలపవచ్చు. లెక్క సులభం. 400 మి.గ్రా. కాఠిన్యమున్న బోరునీటిలో సమభాగం ఆర్‌.ఓ. నీటిని కలిపితే సుమారు 200, ఒక భాగానికి మూడు భాగాలు కలిపితే సుమారు 100 మి.గ్రా.లకు దిగుతుంది. వారం వారం నీరు మార్చిన ప్రతిసారీ ఇదే నిష్పత్తిని పాటించగలరా అన్నది ముందుగా ఆలోచించుకోవాలి. ఇళ్లలో వాడే ఉప్పుతో పనిచేసే వాటర్ సాఫ్ట్‌నర్ ఇందుకు పనికిరాదు; అది కాల్షియం, మెగ్నీషియంల స్థానంలో సోడియంను చేర్చుతుందే తప్ప నీటిలోని లవణాలను తగ్గించదు. వేసవిలో ఆవిరైన నీటిని బోరునీటితో భర్తీ చేస్తే లవణాలు పేరుకుపోతాయి కాబట్టి, ఆ భర్తీకి ఆర్‌.ఓ. నీటినే వాడాలి.

క్షారజలంలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. చేపల విసర్జితాల నుండి వచ్చే అమ్మోనియాలో అయనీకరణం చెందని భాగమే ప్రధానంగా విషకారకం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ భాగం ఉదజని సూచిక 7 ఉన్నపుడు మొత్తంలో సుమారు 0.6 శాతం, 8 వద్ద 5.4 శాతం, 8.5 వద్ద 15 శాతం. వాలిస్నేరియా, హైడ్రిల్లా, సెరటోఫిల్లం వంటి మొక్కలు బైకార్బొనేటును కూడా వినియోగించుకోగలవు; అందువలన ఇవి కఠినజలంలో చక్కగా పెరుగుతాయి. అయితే తీవ్రమైన వెలుతురులో ఇవే మధ్యాహ్నానికి ఉదజని సూచికను పెంచుతాయి. మెత్తని నీటిలో చెల్లుబాటయ్యే చేపల సంఖ్య ఇక్కడ చెల్లకపోవడానికి ఇదే కారణం.

మొక్కలను తినే చేపలు

గోల్డ్‌ఫిష్ లేత ఆకులను కొరికి, అడుగును తవ్వి వేళ్లను పెకలిస్తుంది. సిల్వర్ డాలర్ ఆకులను పూర్తిగా మేసివేస్తుంది. ఆంధ్రప్రదేశ్ చెరువులలో పెంచుతున్న రూప్‌చంద్ పిల్లలను దుకాణాలలో పాకూ పేరుతో అలంకార చేపలుగా అమ్ముతుంటారు. చెరువులో అది ఎంత పెరుగుతుందో ఎరిగిన విద్యార్థికి దాని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రోజీ బార్బ్ చూపులకు సాధువే కాని లేత చిగుళ్లను వదలదు. ఇటువంటి చేపలే కావాలనుకుంటే ఆకు దళసరిగా ఉండే జావా ఫెర్న్, అనూబియాస్‌లతో సరిపెట్టుకోవాలి. వీటి కొమ్మును ఇసుకలో పూడ్చక, రాయికో కర్రకో కట్టాలి, పూడ్చితే కుళ్లుతుంది.

ఒక ఉదాహరణ

3 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1.5 అడుగుల ఎత్తు గల తొట్టెలో ఇసుక, పైన వదలిన ఖాళీ పోగా సుమారు 100 లీటర్ల నీరు పడుతుంది. కాఠిన్యాన్ని 200 మి.గ్రా. వద్ద నిలిపితే పై భాగంలో 8 జీబ్రా డానియోలు, మధ్యలో 2 మగ, 4 ఆడ ప్లాటీలు, మెత్తని ఇసుక అడుగున 6 కంచురంగు కోరిడోరాస్‌లు, వీటితో ఒక జత హనీ గౌరామీలు ఇమడగలవు. గుంపుగా తిరిగే జాతులలో ఆరుకు తగ్గితే బెదురు, కొరుకుడు రెండూ పెరుగుతాయి. టైగర్ బార్బ్ ఇందుకు పేరుపడినది. పొడవైన రెక్కలున్న ఏంజెల్, గౌరామీ, గప్పీలతో దానిని ఉంచరాదు. ఏంజెల్‌ను నియాన్ టెట్రాలతో కలపడమూ పొరపాటే, పెరిగిన ఏంజెల్ వాటిని మింగుతుంది.

జీబ్రా డానియో, హనీ గౌరామీ రెండూ మన ఉపఖండపు చేపలే. రోహు, కట్లలకు వలె వీటి శాస్త్రీయ నామాల వెంట కూడా హామిల్టన్, 1822 అనే ఉంటుంది. ఖరీదైన విదేశీ జాతుల మోజులో వీటిని చిన్నచూపు చూడడం తగదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గౌరామీ నీటిపైని గాలిని కూడా పీల్చగలదు. డానియో, ప్లాటీలకు ఆ వెసులుబాటు లేదు. రాత్రివేళ మొక్కలూ ప్రాణవాయువును వాడుకోవడం వలన, చేపల చెరువులో మాదిరిగానే తెల్లవారుజామున కొరత ఏర్పడవచ్చు. గౌరామీ ప్రశాంతంగా ఉండి, డానియోలు మాత్రం పైకి చేరి నోరు తెరుస్తుంటే రాత్రిపూట ఏరేటర్ నడపాలి. వేడి పెరిగేకొద్దీ నీటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలలలో నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పడం ఉపకరిస్తుంది.

చేపలను వదలే క్రమం

మొదట మొక్కలు నాటి, నత్రీకరణ బాక్టీరియా స్థిరపడడానికి 4 నుండి 6 వారాలు ఇవ్వాలి. తరువాత డానియోలను, చివరగా తావు కోసం పోట్లాడే స్వభావమున్న గౌరామీలను వదలాలి. కొత్త చేపలను 2 నుండి 3 వారాలు మొక్కలు లేని విడి తొట్టెలో ఉంచడం ఇక్కడ మరింత అవసరం. చికిత్సకు వాడే ఉప్పు మోతాదును, రాగి కలిసిన మందులను అనేక నీటి మొక్కలు తట్టుకోలేవు.

నాచును తింటుందని చెప్పి అమ్మే సక్కర్ చేపను ఈ తొట్టెకు సూచించరాదు. అది 30 సెం.మీ.లకు మించి పెరిగి, మొక్కలను పెకలిస్తుంది. తొట్టె చాలక దానిని దగ్గరలోని చెరువులోనో కాలువలోనో వదలివేయడం వలన దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప మన జలాశయాలలోకి చేరింది. గట్లలో బొరియలు తవ్వుతుంది, గట్టి ముళ్లతో వలలను చింపుతుంది. ఇప్పటికే దీనిని పెంచుతున్నవారు సంప్రదించినపుడు, తిరిగి దుకాణానికి ఇవ్వమని లేదా పెద్ద తొట్టె ఉన్నవారికి అప్పగించమని విస్తరణ సిబ్బంది చెప్పాలి. ప్లాటీలు ఎడతెగక పిల్లలను పెడతాయి కనుక, వాటి విషయంలోనూ ఇదే సలహా ముందుగానే ఇవ్వాలి. మగ చేపలను మాత్రమే పెంచితే ఆ అవసరం రాదు.