ముందు ఎం.ఏ.నా, ముందు ప్రిలిమ్సా?

డిగ్రీ ఆఖరి ఏడాదికి రాగానే చాలా ఇళ్లలో ఒకటే మాట: "సివిల్స్ రాయాలంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చెయ్యాలట కదా?" అక్కర్లేదు. యూపీఎస్సీ అడిగేది ఏదో ఒక డిగ్రీ. ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లూ ప్రిలిమ్స్ రాయొచ్చు.

లెక్క చూడండి. మెయిన్స్ 1,750 మార్కులు, ఇంటర్వ్యూ 275, వెరసి 2,025. అందులో ఆప్షనల్ సబ్జెక్టుకు 500, అంటే దాదాపు పావు వంతు. ఆ ఎం.ఏ. చదివి అదే ఆప్షనల్‌గా తీసుకున్నవారికి ఈ 500తో పాటు, రాజ్యాంగం, పాలన అడిగే జనరల్ స్టడీస్ రెండో పేపర్ 250లోనూ పట్టు దొరుకుతుంది. మిగతావి విడిగా కూర్చుని చదవాల్సిందే.

చాలామంది ఆగిపోయేది అంతకుముందే, ప్రిలిమ్స్ రెండో పేపర్ సీశాట్ దగ్గర. 80 ప్రశ్నలు, 200 మార్కులు. 33 శాతం, అంటే 66 వస్తే చాలు. ఒక్క తప్పూ లేకపోతే 27 జవాబులు సరిపోతాయి. కానీ తప్పుకు మూడో వంతు కోత ఉంది. 32 ఒప్పు, 18 తప్పు అనుకోండి: 80లోంచి 15 పోతే 65. ఒక్క మార్కు తక్కువ! ఇక మొదటి పేపర్ ఎంత బాగా రాసినా ఆ ఏడాదికి అంతే. పైగా మెయిన్స్ తెలుగులో రాయనిస్తారు గానీ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం పిల్లలకు ఇది అన్యాయమే.

జనరల్ అభ్యర్థికి గరిష్ఠ వయసు 32, అటెంప్టులు 6. ఓబీసీలకు 35, 9. అప్లై చేసి వెళ్లకపోతే అటెంప్ట్ పోదు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్ రాసినా పోతుంది. పీజీకి పెట్టే రెండేళ్లను ఈ లెక్కలో వేసుకోవాలి. నెట్ రాసి లెక్చరర్ కావాలనుకుంటే మాత్రం ఎం.ఏ. తప్పదు.

ఆప్షనల్ కూడా పబ్లిక్ అడ్మినిస్ట్రేషనే కానక్కర్లేదు. 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా టీచర్ రోణంకి గోపాలకృష్ణ ఆప్షనల్ తెలుగు సాహిత్యం. మరుసటి ఏడాది మొదటి ర్యాంకర్, మెట్‌పల్లి దురిశెట్టి అనుదీప్ చదివింది ఇంజినీరింగ్, ఆప్షనల్ ఆంత్రపాలజీ.

అన్నట్టు, ఐఏఎస్‌కు ఎంపికైనవారికి ముస్సోరీ అకాడమీలో, జిల్లాల్లో శిక్షణ పూర్తయ్యాక జేఎన్‌యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఏ. పట్టా ఇస్తుంది.