బాక్సులో బుజ్జాయి: ఈ వింతలు మీకు తెలుసా?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఏ ఊళ్లో కాన్పుల వార్డు బయట నిలబడినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట చెవిన పడుతుంది: "బిడ్డను బాక్సులో పెట్టినారంట!" బిడ్డను వెచ్చగా ఉంచే ఆ బాక్సు ఎక్కడ పుట్టిందో, ఎన్ని వేషాలు వేసిందో మీకు తెలుసా? కాస్త గట్టిగా కూర్చోండి!

బాక్సుకు మూలం కోడిపిల్లల పెట్టె! 1880 ప్రాంతం, పారిస్. స్తెఫాన్ తార్నియే అనే కాన్పుల డాక్టరు జంతు ప్రదర్శనశాలలో గుడ్లు పొదిగించే యంత్రం చూశాడు. దాన్ని చేసిన మనిషినే పట్టుకుని "ఇలాంటిది బిడ్డలకు చేసిపెట్టు" అన్నాడు. అంతకుముందు రెండు కిలోల లోపు బిడ్డల్లో నూటికి 66 మంది చనిపోయేవారు. పెట్టె వచ్చాక ఆ సంఖ్య 38కి దిగింది. కరెంటు లేదు, మోటారు లేదు, కింద వేడినీళ్ల తొట్టి మాత్రమే. కోడిపెట్టకు చేతులెత్తి మొక్కాల్సిందే!

మీకు తెలుసా? నెలలు నిండని బిడ్డలను చూడటానికి ఒకప్పుడు టికెట్టు పెట్టారు! అమెరికాలో కోనీ ఐలాండ్ తిరునాళ్లలో మార్టిన్ కూనీ 1903 నుంచి 1943 దాకా ఈ ప్రదర్శన నడిపాడు. టికెట్టు 25 సెంట్లు. తల్లిదండ్రుల దగ్గర మాత్రం పైసా తీసుకోలేదు. నర్సుల జీతాలు, పాలు, బొగ్గు అన్నీ టికెట్ల డబ్బులోంచే. తన దగ్గరికి వచ్చిన 8 వేల మందిలో 6,500 మందిని బతికించానని ఆయన లెక్క. 1920లో అలా గాజుపెట్టెలో పెరిగిన ఒకామె 96 ఏళ్లు బతికి 2017లో కన్నుమూసింది. ఇంకో సంగతి వింటారా? కూనీ డాక్టరు చదువు చదివిన దాఖలా ఎంత వెతికినా దొరకలేదు!

అప్పుడే పుట్టిన బిడ్డ చలికి వణకదని మీకు తెలుసా? ఆ విద్య ఇంకా రాదు! మెడ దగ్గర, భుజాల మధ్య దాచుకున్న గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డకు ఆ కొవ్వూ అంతంతమాత్రమే. ఒళ్లు 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్క డిగ్రీ వెడల్పున్న దారి మీద ప్రయాణం!

"మన ఎండల సీమలో చలేంది సామీ?" అంటారా? తడి ఒంటితో, తిరిగే ఫ్యాను కింద ఉన్న బిడ్డకు మే నెల కూడా చలికాలమే! కాన్పు గది కనీసం 25 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. సముద్రమట్టానికి 600 మీటర్ల పైనున్న హిందూపురంలో మార్గశిర మాసపు రాత్రి సంగతి ఇక చెప్పాలా?

మూడు డిగ్రీల లోపు తేడా ఎన్ని ప్రాణాలు కాపాడుతుందో తెలుసా? 1958లో విలియం సిల్వర్‌మన్ బృందం అమెరికాలో కొందరు బిడ్డలను 28.9 డిగ్రీల పెట్టెల్లో, కొందరిని 31.7 డిగ్రీల పెట్టెల్లో ఉంచి చూసింది. మొదటి గుంపులో నూటికి 68 మంది, రెండో గుంపులో 83 మంది పైగా బతికారు. మందు లేదు, సూది లేదు, కాస్త వెచ్చదనం, అంతే!

2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు సుమారు 30 లక్షలు. ప్రపంచం మొత్తానికి 1.34 కోట్లు. అంటే అయిదుగురిలో ఒకరి కంటే ఎక్కువ మన బిడ్డలే! ఇది మాత్రం మనం కోరుకోని రికార్డు.

మీకు తెలుసా? పేద దేశాల ఆస్పత్రుల్లోని వైద్య పరికరాల్లో సుమారు 40 శాతం పనిచేయడం లేదని 2011లో ఒక అధ్యయనం లెక్కతేల్చింది. ఒక చోట స్పేర్ పార్టు దొరకదు, ఇంకో చోట రిపేరు చేసేవాడు లేడు, మరో చోట కరెంటు నిలకడగా ఉండదు. బాక్సు ఉంది, బిడ్డ ఉంది, బాక్సులో బిడ్డ లేదు!

సరిగ్గా ఇదే కాఠ్‌మాండూలో ఒక విద్యార్థి కంటపడింది. 2007లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులకు ఒక పని ఇచ్చింది: మామూలు బాక్సు ఖరీదులో నూరో వంతుకు బాక్సు చెయ్యండి! అప్పట్లో ఒక్కో బాక్సు 20 వేల డాలర్లు. జేన్ చెన్, లైనస్ లియాంగ్, నాగానంద్ మూర్తి, రాహుల్ పణికర్ ఉన్న బృందం పనికి దిగింది. లియాంగ్ నేపాల్ వెళ్లి చూస్తే ఆస్పత్రిలో దానంగా వచ్చిన బాక్సులు ఖాళీగా ఉన్నాయి! బిడ్డలేమో ఎక్కడో కొండల మీది పల్లెల్లో పుడుతున్నారు. బాక్సు దాకా బిడ్డ రాలేకపోతే బిడ్డ దాకా బాక్సే వెళ్లాలి కదా!

అలా పుట్టింది 'ఎంబ్రేస్'. చూడటానికి బుజ్జి పడకసంచి. లోపల మైనం లాంటి పదార్థం నింపిన పొట్లం. అది 37 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గడ్డకట్టేటప్పుడు ఆ 37నే పట్టుకుని కూర్చుంటుంది! కాసేపు హీటరులో పెట్టి తీస్తే నాలుగు గంటలకు పైగా కరెంటుతో పనే లేదు. పెనుకొండ నుంచి అనంతపురం సుమారు 70 కిలోమీటర్లు. టోల్‌గేటు దగ్గర ఆగినా, టైరు పంక్చరైనా బిడ్డ వెచ్చగానే ఉంటుంది!

ఈ సంచి తయారీకి వాళ్లు కాపురం పెట్టింది ఎక్కడో తెలుసా? బెంగళూరులో! హిందూపురంలో పొద్దున బండెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. 2013లో 1,25,000 డాలర్లు ఇచ్చి ఆదుకున్నదెవరో చెప్పుకోండి చూద్దాం. పాప్ గాయని బియాన్సే!

నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇదే. మహారాష్ట్రలో ఒక పల్లెలో ఒక తల్లిని అడిగారు: ఈ సంచిని 37 డిగ్రీలకు పెట్టమంటే ఎంత పెడతావమ్మా? "30 పెడతాను" అంది! ఇంగ్లీషు మందు ఘాటు, డాక్టరు చెప్పినదానిలో కొంత తగ్గించి వెయ్యాలని ఊరంతా నమ్మకం. బిడ్డ మీద ప్రేమతోనే ఏడు డిగ్రీలు కోసేసింది! ఇంజనీర్లు వెనక్కి వెళ్లి మీటరు మీది అంకెలే పీకేశారు. బాగుంది, బాగాలేదు... ఈ రెండే గుర్తులు. తగ్గించడానికి అంకే లేదు!

మీకు తెలుసా? కారు విడిభాగాలతోనూ బాక్సు చేశారు! హెడ్‌లైటు వేడినిస్తుంది, డ్యాష్‌బోర్డు ఫ్యాను గాలినిస్తుంది, మోటారుసైకిలు బ్యాటరీ కరెంటునిస్తుంది, తలుపు బెల్లు ప్రమాదం చెబుతుంది. కార్లు రిపేరు చేసే మెకానిక్కు లేని ఊరు ఉండదు కాబట్టి బాక్సూ బాగుపడుతుందని లెక్క. పేరు 'నియోనర్చర్'. 2010లో టైమ్ పత్రిక ఆ ఏటి 50 మేటి ఆవిష్కరణల్లో ఒకటన్నది. ఏటా 3 లక్షల కార్లు చెయ్యగల కియా ఫ్యాక్టరీ పెనుకొండ పక్కన ఎర్రమంచిలోనే ఉంది కాబట్టి మనవాళ్లు ఈ కథను మరీ చెవి ఒగ్గి వినాలి!

మరి ఎన్ని నియోనర్చర్ బాక్సులు అమ్ముడయ్యాయి? సున్నా! తయారుచేసేదెవరు, ఆస్పత్రికి కొనిపెట్టేదెవరు అన్నది ముందు ఆలోచించలేదని రూపకర్త టిమొతీ ప్రెస్టెరో తానే వేదికెక్కి చెప్పాడు. అవార్డు బిడ్డను వెచ్చబెట్టదు కదా!

ఆయన ఆగలేదు. కామెర్ల బిడ్డలకు నీలికాంతి పట్టే 'ఫైర్‌ఫ్లై' చేయించాడు. దాని కిటుకు ఏమిటో తెలుసా? ఒక్క బిడ్డ మాత్రమే పట్టేంత చిన్నది! పెద్ద దీపమైతే కింద ముగ్గురిని సర్దుతారు. పక్కవాడి నీడ పడుతుంది, ఒకరి జబ్బు ఇంకొకరికి అంటుతుంది. చిన్నగా చేస్తే సర్దాలన్నా చోటే లేదు!

ఇప్పుడు మన గడప దగ్గరి ముచ్చట. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు గూళ్లు తెచ్చే రైతునడగండి. చాకీ (లేత పట్టు) పురుగులకు 27, 28 డిగ్రీల వేడి, 80 శాతం పైన తేమ ఉండాలని తడుముకోకుండా చెబుతాడు. మరీ ముందే పుట్టిన బిడ్డకూ తొలి వారం పెట్టెలో 80 శాతం దాకా తేమ పెడతారు! ధర్మవరం చీర వెనకున్న శాస్త్రం, కాన్పుల వార్డు శాస్త్రం పక్కపక్క ఇళ్లవే!

  

ముంజేతి పట్టీ బిడ్డకు కాపలా కాస్తుందంటే నమ్ముతారా? బెంగళూరు సంస్థ బెంపు చేసిన ఈ పట్టీ, ఒళ్లు వెచ్చగా ఉంటే నీలంగా మినుకుమంటుంది. 36.5 దిగితే నారింజరంగు వెలిగి కూత పెడుతుంది. అమ్మ నిద్రలో ఉన్నా లేపేస్తుంది!

ఇంకా చవక కావాలా? ప్లాస్టిక్ సంచి! పుట్టిన వెంటనే తల వదిలి మెడ దాకా శుభ్రమైన సంచిలో ఉంచితే తడి ఆవిరై చల్లబడే బాధ తప్పుతుంది. జాంబియాలో చేసి 2013లో అచ్చయిన పరిశోధనలో ఇలా చేస్తే గంట తర్వాత వెచ్చగా ఉన్న బిడ్డలు దాదాపు రెట్టింపయ్యారు. కూరగాయల సంచితో మాత్రం ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి, ఇది నర్సమ్మ చేతి పని!

375 గ్రాముల బిడ్డ! తప్పు చదవలేదు. 2018లో హైదరాబాద్ రెయిన్‌బో హాస్పిటల్లో పుట్టి, నెలల తరబడి పోరాడి, రెండు కిలోలు దాటి ఇంటికెళ్లింది. అప్పటి ప్రపంచ రికార్డు అంతకంటే వింత: అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోని శాన్‌డియేగోలో పుట్టిన 245 గ్రాముల పాప. పావుకిలో కూడా తూగలేదు!

మరి కరెంటు, మైనం, మెకానిక్కు ఏదీ అక్కర్లేని బాక్సు ఏది? అమ్మ ఎద! 1978లో కొలంబియాలోని బొగొటాలో బాక్సులు చాలక ఒక్కోదాన్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పెడుతుంటే, ఎద్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు బిడ్డలను తల్లుల గుండెలకు కట్టించాడు. కంగారూ సంచిని చూసి పట్టిన ఐడియా! గతిలేక మొదలైంది, మరి గతి ఉన్నచోట? 2021లో మన దేశంతో కలిపి అయిదు దేశాల్లో 3,211 మంది బిడ్డల మీద ఫలితాలు వచ్చాయి. పుట్టిన వెంటనే ఎదకు చేర్చిన గుంపులో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, మిగతా బిడ్డలకు దాన్ని దక్కకుండా చెయ్యడం అన్యాయమని పరిశోధననే మధ్యలో ఆపేశారు!

కవలలైతే? రెండు పక్కలా ఇద్దరు. ఒకడు చల్లగా, ఒకడు వెచ్చగా ఉంటే అమ్మ ఒంట్లో ఏ పక్క వేడి ఆ పక్కదే విడివిడిగా సర్దుకుంటుందని అమెరికాలో కొలిచి చూశారు. అమ్మ ఒళ్లే రెండు గదుల బాక్సన్నమాట!

ఆఖరి ప్రశ్న, నాయనలకు. అమ్మకు ఆపరేషనై లేవలేకపోతే బిడ్డ ఎవరి ఎద మీద ఉండొచ్చు? మీ ఎద మీదే! అవ్వ కూడా చెయ్యొచ్చు, మేనత్త కూడా. చేతులు కడుక్కుని, చొక్కా గుండీలు విప్పి, నర్సమ్మను అడగండి!